ఏఎల్‌పీని లివర్ పేజీలోంచి తీసేయండి

ఏ డయాగ్నోస్టిక్ సెంటర్‌లో హెల్త్ చెకప్ చేయించుకున్నా చేతికొచ్చే రిపోర్టులో 'లివర్ ఫంక్షన్ టెస్ట్' అని ఒక పేజీ ఉంటుంది. బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్రొటీన్లు, వాటితోపాటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ఈ చివరిది ఒక ఎంజైమ్, అంటే శరీరంలో రసాయన చర్యలు జరిపించే ప్రొటీన్. దీన్నే ఏఎల్‌పీ అంటాం. అది ఆ శీర్షిక కింద ఉండకూడదని నా వాదన. చాలాకాలంగా బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఈ ఒక్క అంకె చూసి హడలిపోయినవాళ్లను చూశాను, అవసరం లేని స్కానింగులకు తిరిగినవాళ్లను చూశాను. అన్నిటికంటే బాధ కలిగించేది, జబ్బు ఎముకల్లో ఉంటే నెలల తరబడి లివర్ టానిక్ తాగినవాళ్లను చూడటం. ఎంజైమ్ తన పని తాను చేస్తోంది, మెషీన్ సరిగ్గానే కొలుస్తోంది. కొలిచినదాన్ని ఏ పేరు కింద అచ్చువేస్తున్నామన్న దగ్గరే చిక్కంతా వస్తోంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో ఉండే ఏఎల్‌పీలో దాదాపు అంతా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి లివర్, రెండోది ఎముక. ఇద్దరి వాటా ఇంచుమించు సగం సగం. ఎదిగే పిల్లల్లో ఎముకదే పైచేయి. ఈ రెండు రూపాలకూ, కిడ్నీలో ఉండే రూపానికీ జన్యువు ఒక్కటే. దాని పేరు ఏఎల్‌పీఎల్, ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జన్యువును చదివి కణం తయారుచేసే ప్రొటీన్‌లో 524 అమైనో ఆమ్లాలుంటాయి. మొదట్లో ఉండే చిన్న ముక్క తెగిపోయాక మిగిలేవి 507. లివర్‌లోనూ అవే 507, ఎముకలోనూ అవే, అదే వరసలో. ఎంజైమ్ పనిచేసే గుంటలో రెండు జింక్ పరమాణువులు, ఒక మెగ్నీషియం కూర్చుని ఉంటాయి. అవీ రెండు చోట్లా ఒకటే.

తేడా వచ్చేది చక్కెర గొలుసుల్లో. ప్రొటీన్ తయారై కణం బయటి పొరకు చేరే దారిలో దానికి కొన్ని చోట్ల చక్కెరల గొలుసులు అతుక్కుంటాయి. ఏ చక్కెర అతకాలి, గొలుసు ఎంత కొమ్మలు వేయాలి, చివర్లో సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఎంత ఉండాలి అన్నది జన్యువులో రాసి ఉండదు. ఆ కణం దగ్గర గొలుసులు అల్లే ఎంజైములు ఏమేం ఉన్నాయో వాటిని బట్టి ఉంటుంది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ దగ్గరున్న సరంజామా వేరు, లివర్ కణం దగ్గరున్నది వేరు. అంచేత ఒకే జన్యువు నుంచి వచ్చిన ఒకే ప్రొటీన్ ఎముకలో ఒక వేషంలో, లివర్‌లో ఇంకో వేషంలో బయటికొస్తుంది.

చేసే రసాయన చర్య కూడా ఒకటే. ఏదైనా అణువుకు అంటుకుని ఉన్న ఫాస్ఫేట్‌ను ఊడదీయడం. కానీ పని ఎక్కడ చేస్తోందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఎముక చుట్టూ పైరోఫాస్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియం, ఫాస్ఫేట్ గట్టిపడకుండా అడ్డుపడుతుంది. ఏఎల్‌పీ దాన్ని విరిచేస్తేనే ఎముక గట్టిపడుతుంది. లివర్‌లో ఇదే ఎంజైమ్ పైత్యరసం పారే సన్నటి కాలువల గోడల్లో ఉంటుంది. ఆ కాలువలకు ఎక్కడైనా అడ్డు పడితే, రాయి వల్ల కావచ్చు, గడ్డ వల్ల కావచ్చు, లివర్ కణాలు ఏఎల్‌పీని కొత్తగా ఎక్కువ ఎక్కువగా తయారుచేస్తాయి. ఎస్‌జీపీటీ అలా కాదు, అది దెబ్బతిన్న కణాల్లోంచి కారి రక్తంలోకి వస్తుంది. ఈ తేడా తెలిసిన డాక్టరుకు ఏఎల్‌పీ చాలా విలువైన టెస్ట్. దాని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

ఎముకదీ లివర్‌దీ ఒకే జన్యువని ఎలా తెలిసిందన్నది ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ. 1948లో కెనడాలోని టొరంటోలో రాత్‌బన్ అనే పిల్లల డాక్టరు ఒక పసివాడి గురించి రాశాడు. ఎముకలు తీవ్రమైన రికెట్స్‌లా మెత్తగా ఉన్నాయి, మూర్ఛలు వచ్చాయి, బిడ్డ బతకలేదు. మామూలు రికెట్స్‌లో ఏఎల్‌పీ పెరగాలి. ఈ బిడ్డకు దాదాపు లేనే లేదు. ఆ జబ్బుకు ఆయన పెట్టిన పేరే హైపోఫాస్ఫటేజియా. తర్వాత ఇలాంటి రోగులను పరీక్షించేకొద్దీ ఒక విషయం బయటపడింది. వాళ్లలో ఎముక ఏఎల్‌పీ ఒక్కటే తగ్గలేదు, లివర్‌దీ కిడ్నీదీ కూడా తగ్గాయి. పేగులో ఉండే రూపం, గర్భిణి మాయలో (ప్లాసెంటాలో) ఉండే రూపం మాత్రం చెక్కుచెదరలేదు. ప్రకృతి తానే చేసి చూపించిన ప్రయోగం ఇది. కలిసి పడిపోయేవన్నీ ఒకే జన్యువు బిడ్డలు, నిలబడినవి వేరే జన్యువులవి. ఆ వేరే జన్యువులు రెండో క్రోమోజోమ్ చివర పక్కపక్కనే ఉంటాయి. 1988లో ఏఎల్‌పీఎల్ జన్యువులో ఈ జబ్బుకు కారణమైన మార్పు (మ్యుటేషన్) మొదటిసారి దొరికాక ఇక అనుమానానికి తావు లేకుండా పోయింది.

ఆ పసివాడికి మూర్ఛలెందుకు వచ్చాయన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. రక్తంలో తిరిగే బి6 విటమిన్‌కు ఒక ఫాస్ఫేట్ అంటుకుని ఉంటుంది. అది ఊడితే తప్ప మెదడు కణాల్లోకి పోలేదు. ఊడదీసేది ఈ ఎంజైమే. అది లేకపోతే రక్తం నిండా బి6 ఉన్నా మెదడు దానికోసం మాడిపోతుంది. ఎముక, పన్ను, మెదడు, అన్నిటి వెనకా ఒకే జన్యువు. దీన్ని పట్టుకుని 'లివర్ ఎంజైమ్' అని రాస్తుంటే నాకు మనసు ఒప్పుకోదు.

కాలేజీలో మాకు చెప్పిన సూత్రం 'ఒక జన్యువు, ఒక ఎంజైమ్'. 1941లో బీడిల్, టేటమ్ రొట్టె బూజు మీద ప్రయోగాలు చేసి ఆ ఆలోచనకు పునాది వేశారు, 1958లో నోబెల్ అందుకున్నారు. అది గొప్ప పని, అందులో సందేహం లేదు. కానీ బూజుకు లివరూ ఎముకా ఉండవు. మనలాంటి శరీరంలో జన్యువుకూ ఎంజైముకూ మధ్య ఒక కణజాలం నిలబడి ఉంటుంది, అది తన చేయి వేయకుండా దేన్నీ వదలదు. పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌నే చూడండి. పీకేఎల్ఆర్ అనే జన్యువును ఎర్ర రక్తకణంగా మారబోయే కణం ఒక చోట మొదలుపెట్టి చదువుతుంది, లివర్ కాస్త ముందుకెళ్లి ఇంకో చోట మొదలుపెడుతుంది. అందుకే ఎర్ర కణం రూపం పొడవు 574 అమైనో ఆమ్లాలైతే లివర్ రూపం 543. దాని బంధువే పీకేఎమ్ జన్యువు. అందులో తొమ్మిదో ముక్కను ఉంచుకుని పదోదాన్ని వదిలేస్తే కండరాలకు, మెదడుకు పనికొచ్చే రూపం. తొమ్మిదోదాన్ని వదిలేసి పదోదాన్ని ఉంచుకుంటే పిండంలోనూ క్యాన్సర్ కణాల్లోనూ కనిపించే రూపం. ఏఎల్‌పీఎల్ జన్యువుకు కూడా చదవడం మొదలుపెట్టే చోట్లు రెండున్నాయి, ఎముకకు ఎక్కువగా ఒకటి, లివర్‌కు ఎక్కువగా ఇంకొకటి. అయితే ఆ తేడా ప్రొటీన్ భాగం మొదలవకముందే ముగిసిపోతుంది. కాబట్టి ఎంత తయారవ్వాలన్నది మారుతుందే తప్ప ప్రొటీన్ మారదు.

ఇక ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చెబుతాను, నా వాదనకు అసలు బలం అక్కడే ఉంది. ఏఎల్‌పీ టెస్టుకు వాడే ద్రవం పారానైట్రోఫెనైల్ ఫాస్ఫేట్. రంగుండదు. అందులో పేషెంట్ సీరం కొద్దిగా కలిపితే ఎంజైమ్ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది, మిగిలింది పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ఎంత వేగంగా చిక్కబడుతోందో మెషీన్ కాంతి సాయంతో చూసి లెక్క కడుతుంది. అంతే. ఎముక నుంచి వచ్చిన ఎంజైమ్ అయినా, లివర్ నుంచి వచ్చిందైనా, గర్భిణి మాయ నుంచి వచ్చిందైనా ఆ ద్రవాన్ని పసుపుగానే మారుస్తుంది. చక్కెర గొలుసుల సంగతి ఆ మెషీన్‌కు పట్టదు. అంటే మేం ఇచ్చే అంకె ఒక మొత్తం మాత్రమే. ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంతో చెప్పే సమాచారం అందులో లేదు. లేని సమాచారాన్ని శీర్షిక రూపంలో మేమే కలిపి ఇస్తున్నాం.

ఈ కొలతల చరిత్రలో మనవాడొకరున్నారు, చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. పసుపు రంగు టెస్టులు రాకముందు, ఫాస్ఫటేజ్ ఎంత ఫాస్ఫేట్ విడగొట్టిందో తేల్చాలంటే ఇలాంటి పద్ధతులే దిక్కు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి లేని పాత బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పుస్తకం నేను చూడలేదు.

అసలు ఈ ఎంజైమ్ చరిత్రే ఎముకతో మొదలైంది. 1923లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ ఎదుగుతున్న జంతువుల ఎముకల్లో దీన్ని చూసి, ఎముక గట్టిపడటానికి ఇదే కారణం కావచ్చని అన్నాడు. కామెర్లలో ఇది పెరుగుతుందన్న సంగతి ఆ తర్వాతి దశాబ్దంలో ఆసుపత్రులకు పాకింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, చివరికి లివర్ పేరే స్థిరపడింది.

మా అక్క ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "ఒరే, చిన్నోడి లివర్‌కేదో అయిందిరా. ఎనభై ఏదో ఉండాల్సింది మూడొందల తొంభై ఉందట" అంది. వాడికప్పుడు పదమూడేళ్లు. స్కూల్లో కళ్లు తిరిగాయంటే ఎవరో ప్యాకేజీ టెస్టులు చేయించమన్నారు. రిపోర్ట్ వాట్సాప్‌లో పంపించమన్నాను. బిలిరుబిన్ నార్మల్, ఎస్‌జీపీటీ నార్మల్, ఆల్బుమిన్ నార్మల్. ఏఎల్‌పీ ఒక్కటే బోల్డ్ అక్షరాల్లో, పక్కన పైకి చూసే బాణం గుర్తు. దాని ఎదురుగా వేసిన రేంజ్ పెద్దవాళ్లది. అదే రిపోర్ట్ పైన వాడి వయసు పదమూడని స్పష్టంగా అచ్చై ఉంది.

"అక్కా, వాడు ఈ ఏడాది ఎంత పొడుగు సాగాడు?" అన్నాను.

"అదేం ప్రశ్నరా? జూన్‌లో కుట్టించిన ప్యాంట్లు చీలమండలు దాటి పైకొచ్చేశాయి."

"ఆ సాగడమే రిపోర్టులో కనిపిస్తోంది. అది వాడి ఎముకల్లోంచి వస్తోంది, లివర్‌లోంచి కాదు. రేపు పిల్లల డాక్టరుకు చూపించు, కళ్లు తిరగడం సంగతి ఆయన చూస్తారు."

అక్క వెంటనే నమ్మలేదు. లివర్ అని రాసుంది కదరా అంటుంది. అచ్చులో ఉన్న మాటకు, తోడబుట్టినవాడి మాటకు పోటీ పెడితే అచ్చే గెలుస్తుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. మర్నాడు పిల్లల డాక్టరు ఒక్క చూపులో తేల్చేశారు. యుక్తవయసులో ఎముకలు సాగే రోజుల్లో ఏఎల్‌పీ పెద్దవాళ్ల గరిష్ఠ పరిమితికి రెండు మూడు రెట్లుండటం సహజం. ఆడపిల్లల్లో ఇది ముందుగా తగ్గుతుంది, మగపిల్లల్లో ఇంకొన్నేళ్లు సాగుతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లోనైతే ఏ జబ్బూ లేకుండానే ఏఎల్‌పీ కొన్నిసార్లు వేలల్లోకి ఎగిరి, కొన్ని వారాల్లోనో నెలల్లోనో తనంతట తానే దిగిపోతుంది. పిల్లల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన విషయం. తల్లులకు తెలియదు.

ఇది ఒక్క పిల్లల సంగతే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. నెలలు నిండుతున్న గర్భిణికి మాయ నుంచి వచ్చే ఏఎల్‌పీ కలిసి మొత్తం పెరుగుతుంది. మాయ రూపానికి జన్యువు వేరైనా మెషీన్ దాన్నీ ఆ మొత్తంలోనే కలిపేస్తుంది. ఓ, బి గ్రూపుల రక్తం ఉన్న చాలామందిలో కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత పేగు రూపం రక్తంలోకి వస్తుంది. బిర్యానీ తిని వచ్చి శాంపిల్ ఇచ్చినవాడికీ, పరగడుపున ఇచ్చినవాడికీ తేడా ఉండొచ్చన్నమాట.

వీటికంటే నన్ను కలవరపెట్టేది మన ఆడవాళ్ల సంగతి. ఇంత ఎండ కాసే దేశంలో డి విటమిన్ లోపం ఇంటింటా ఉంది. ఒళ్లు నొప్పులు, నడుం నొప్పి, మెట్లెక్కితే తొడల్లో బలం లేకపోవడం, వయసు మీద పడిందిలే అని సర్దుకుపోవడం. అలాంటామెకు ఏఎల్‌పీ పెరిగిందంటే ఎముక మెత్తబడుతోందని, దాన్ని గట్టిచేసుకోవడానికి ఆస్టియోబ్లాస్ట్‌లు తంటాలు పడుతున్నాయని అర్థం. అది లివర్ పేజీలో కనిపిస్తే పొట్ట స్కానింగ్ చేస్తారు, ఏమీ దొరకదు, 'కొంచెం ఫ్యాటీ లివర్' అని రాసి పంపిస్తారు. నొప్పులు అలాగే ఉంటాయి. మన ప్రాంతంలో ఇంకొకటి కూడా ఉంది, ఫ్లోరోసిస్. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు గురించి మన దేశంలో తొలి వివరం 1937లో నెల్లూరు జిల్లా నుంచే వైద్య పత్రికలో వచ్చింది. ప్రకాశం, నల్గొండ పల్లెల్లో నడుములు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎముక కణాలను రెచ్చగొడుతుంది, అలాంటివాళ్లలో ఏఎల్‌పీ పెరగడం మామూలే. ఆ ఊళ్ల నుంచి వచ్చిన మనిషి రిపోర్టులో కూడా ఆ అంకె లివర్ కిందే ఉంటోంది.

తెలిసిన డాక్టర్లతో ఈ మాట అంటే వాళ్లు చెప్పే జవాబు ఒకటుంది. "ఇదంతా మాకు తెలుసు, జీజీటీ చూసుకుంటాం కదా" అంటారు. నిజమే. జీజీటీ ఇంకో ఎంజైమ్, అది లివర్‌లో ఉంటుంది, ఎముకలో ఉండదు. ఏఎల్‌పీతోపాటు అదీ పెరిగితే లివర్ వైపు చూడాలి, అది మామూలుగా ఉంటే ఎముక వైపు. పాతరోజుల్లో సీరాన్ని 56 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసేవాళ్లు. ఎముక రూపం చాలావరకు చచ్చిపోతుంది, లివర్ రూపం దానికంటే తట్టుకుంటుంది, మాయ రూపం 65 డిగ్రీలకు కూడా చలించదు. గోధుమ గింజలోని అంకురంలో దొరికే లెక్టిన్ అనే ప్రొటీన్ ఎముక రూపాన్ని దాని చక్కెరలను బట్టి పట్టుకుని అడుక్కు దించేస్తుంది. ఇప్పుడు ఎముక ఏఎల్‌పీని విడిగా కొలిచే కిట్లే ఉన్నాయి. దారులు లేక కాదు. కానీ డాక్టరుకు తెలిసింది చాలు అనే కాలం పోయింది. ఇవాళ రిపోర్టును ముందుగా చదివేది పేషెంట్, అదీ ఫోన్‌లో, రాత్రిపూట, ఒంటరిగా. సగం ప్యాకేజీలు ఏ డాక్టరూ రాయకుండానే చేయించుకుంటున్నారు. ఆ కాగితం మీద డాక్టరు బుర్రలో ఉన్న వివేకంలో కొంతైనా ఉండాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది చదివి 'నాది ఎముకదే అయ్యుంటుంది' అని ఎవరూ తేల్చేసుకోవద్దు. పెద్దవాళ్లలో పెరిగిన ఏఎల్‌పీ వెనక పైత్యనాళంలో రాయి ఉండొచ్చు, క్యాన్సర్ లివర్‌కో ఎముకకో పాకి ఉండొచ్చు. ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చుకోమనే నేను చెప్పేది, వదిలేయమని కాదు.

ఇక ఎవరూ పట్టించుకోని వైపు, తగ్గిన ఏఎల్‌పీ. ఎక్కువైతే బాణం గుర్తు చూసి పరుగెత్తుతారు, తక్కువైతే మంచిదేగా అనుకుంటారు. ల్యాబ్‌లో మాకు మొదట వచ్చే అనుమానం ట్యూబ్ మీదే. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది, అది జింక్‌ను, మెగ్నీషియాన్ని లాగేసుకుంటుంది, ఎంజైమ్ పనిచేయదు. ఆ ట్యూబులోని రక్తం పొరపాటున సీరం ట్యూబులో కలిస్తే ఏఎల్‌పీ పడిపోతుంది, కాల్షియం పడిపోతుంది, పొటాషియం ఎగబాకుతుంది. ఆ మూడూ కలిసి కనిపిస్తే మళ్లీ శాంపిల్ తీయాల్సిందే. కానీ ట్యూబ్ సరైనదై, మళ్లీ మళ్లీ తక్కువే వస్తుంటే? ఐదేళ్లు నిండకముందే పాలపళ్లు వేర్లతో సహా ఊడిపోయిన పిల్ల కావచ్చు, పాదం ఎముక చిట్లి ఎంతకీ అతకని పెద్దాయన కావచ్చు. హైపోఫాస్ఫటేజియా తేలికపాటి రూపంలో ఇలాగే నడుస్తుంది. అలాంటి మనిషికి ఎముకలు పలచబడ్డాయనుకుని మామూలుగా ఇచ్చే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు ఇస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరగొచ్చు. ఆ జబ్బును ముందే చూపించగలిగే అంకె రిపోర్టులోనే ఉంది, లివర్ పేజీలో.

ఈ జబ్బుకు మందు కనుక్కునే ప్రయత్నం కూడా ఇదే పాఠం నేర్పింది. 1980ల్లో, ఏఎల్‌పీ మెండుగా ఉండే పేజెట్స్ అనే ఎముకల జబ్బు రోగుల రక్తంలోని ప్లాస్మా తీసి ఈ పసిపిల్లలకు ఎక్కించారు. రక్తంలో ఎంజైమ్ పెరిగింది, ఎముకలు మాత్రం చెప్పుకోదగ్గంత బాగుపడలేదు. రక్తంలో తిరిగితే చాలదు, ఎముక దగ్గరికి చేరాలి. 2015లో అనుమతి పొందిన ఆస్ఫోటేజ్ ఆల్ఫా అనే మందులో అదే ఎంజైమ్‌కు పది ఆస్పార్టిక్ ఆమ్లాల తోక తగిలించారు. ఆ తోక ఎముకలోని ఖనిజానికి అతుక్కుంటుంది. పుట్టగానే ఊపిరాడక చనిపోయే స్థితిలో ఉన్న బిడ్డలు దాంతో బతికి, నడవగలిగారు.

ల్యాబులు నడిపేవాళ్లను నేను అడిగేది ఖర్చుతో కూడుకున్నది కాదు. ఏఎల్‌పీకి విడిగా ఒక వరస ఇవ్వండి, పక్కన 'లివర్, ఎముక' అని రెండు పేర్లూ రాయండి. పేషెంట్ వయసు, ఆడో మగో సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ ఉన్నాయి, రేంజ్‌ను వాటికి ముడిపెట్టండి. గర్భిణి అయితే ఆ మాట రిపోర్టులో ఉండాలి. ఏఎల్‌పీ పెరిగి మిగతా లివర్ టెస్టులన్నీ నార్మల్‌గా ఉంటే, మిగిలిన అదే సీరంతో జీజీటీ చేయించుకోవచ్చని ఒక్క వాక్యం చేర్చండి. తగ్గితే కిందికి చూసే బాణం కూడా అంతే నల్లగా అచ్చువేయండి.